కదలని సైకిలు, కాళ్ళకు నీళ్ళు

డిగ్రీ పాసై, కంప్యూటర్ కంపెనీలో చేరిన ఆ మొదటి చలికాలం తలుచుకుంటే ముందుగా గుర్తొచ్చేది పిక్కల నొప్పి.

సాయంత్రం ఇంటికొచ్చి గడప లోపల కూలబడితే, అమ్మ నా కాళ్ళు తన ఒళ్ళోకి లాక్కుని నూనె రాసేది. అమ్మకూ ఒళ్ళు నొప్పులే. పొద్దంతా మాదాపూర్ గుట్టల్లో నాన్న కొట్టిన రాళ్ళు గంపకెత్తి మోసి వచ్చేది. అయినా నా పిక్కలు పిసికేది. పిసుకుతూ ఒకటే ప్రశ్న.

"కంప్యూటర్ ముందల కూసొని చేసే కొలువంటివి. కూసునేదానికి కాళ్ళెందుకు గుంజుతయే?"

"సైకిల్ తొక్కుతున్న అమ్మా."

"సైకిల్ మీద పోతున్నవా ఆఫీసుకు? ఎవలిచ్చిండ్రు?"

"దాని మీద పోను. ఆఫీసులనే తొక్కుత. అది కదలదు."

అమ్మ చేతులు ఆగిపోయేవి. మంచం మీద అటు తిరిగి పడుకున్న నాన్న వీపు వైపు చూసేది. పిల్లకు ఏదో గాలి సోకిందేమోనన్నట్టు ఉండేది ఆ చూపు. తర్వాత మళ్ళీ పిసకడం మొదలుపెట్టేది.

మా ఇంట్లో కాలేజీ గేటు దాటి లోపలికి పోయిన మొదటిదాన్ని నేనే. బీఎస్సీ ఎలక్ట్రానిక్స్. ఫలితాలు వచ్చిన రోజు నాన్న బోరబండ స్టేషన్ దగ్గరి హోటల్లో తెలిసినవాళ్ళందరికీ చాయ్ తాగించాడు. నేను ఆఫీసులో చేరిన రోజు ఇంకోసారి తాగించాడు. "మా బిడ్డ కంప్యూటర్ల కొలువు జేస్తది, ఏసీల కూసుంటది" అని చెప్పుకున్నాడు. నేను ఇంట్లో చెప్పింది ట్రైనింగ్ అని. ఆ ఒక్క మాట చాయ్ హోటల్ దాకా పోలేదు.

నాకేమో కడుపు నిండా కబుర్లు. ప్రతి సాయంత్రం ఏదో ఒక కొత్త సంగతి మోసుకొచ్చేదాన్ని. దారంతా, రాళ్ళ మధ్య కాలిబాటలో నడుస్తూ, ఇంట్లో ఎలా చెప్పాలో మాటలు పేర్చుకునేదాన్ని. తీరా వచ్చాక వినే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. నాన్న అన్నం తింటూనే కునికేవాడు. అమ్మ ఊ కొట్టేది, ఆ ఊ మెల్లమెల్లగా గురకలో కలిసిపోయేది. తప్పు వాళ్ళది కాదు. పొద్దంతా రాయితో కొట్లాడి వచ్చిన మనుషులు. నేను కూడా సగం చెప్పేసరికి గోడకు ఆనుకుని నిద్రపోయేదాన్ని. ఒళ్ళు అంత అలిసిపోయినా లోపల సంతోషం మాత్రం పడుకునేది కాదు.

మా ఆఫీసు మాదాపూర్లో ఒక కొత్త ఇంటి పై అంతస్తు. కింద ఇంటివాళ్ళు బర్రెల్ని కట్టేసేవాళ్ళు. పైన కిటికీలోంచి చూస్తే హైటెక్ సిటీ పెద్ద భవనం అద్దాలు ఎండకు మెరుస్తూ కనిపించేవి. దానికీ మాకూ మధ్య ఉన్నవి బండరాళ్ళు, తుమ్మచెట్లు, తవ్వి వదిలేసిన పునాదులు. అయినా మా సార్ తన కార్డు మీద హైటెక్ సిటీ అనే వేయించుకున్నారు.

ఆఫీసులో ఉండేది ముగ్గురమే. సార్‌ది గోదావరి వైపు. ఉన్న సర్కారు ఉద్యోగం మానుకుని ఈ కంపెనీ పెట్టారు. నిద్ర చాలని కళ్ళు, మెత్తటి మాట. రెండో మనిషి గుంటూరు నుంచి వచ్చిన ప్రోగ్రామర్. నాకంటే కొంచెం పెద్దవాడు. వైర్లు, సోల్డరింగ్ నా వంతు కాబట్టి ఎగతాళికి నన్ను 'ఇంజనీర్ గారూ' అని పిలిచేవాడు. మూడో మనిషిని నేను.

ఆ రోజుల్లో కంప్యూటర్ గది అంటే పూజగదికి తక్కువేం కాదు. దుమ్ము లోపలికి పోతే కంప్యూటర్ పాడైపోతుందని సార్ భయం. తలుపు బయట చెప్పుల స్టాండు, దాని పైన 'పాదరక్షలు ఇక్కడే విడువవలెను' అని బోర్డు. లోపల రోజంతా ఏసీ, కిటికీలకు మందపాటి తెరలు, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అతికించిన నీలం రంగు కార్పెట్. మగవాళ్ళిద్దరూ బూట్లు విప్పేసి సాక్సులతో లోపలికి వచ్చేవారు. నేను రబ్బరు చెప్పులు విడిచి ఉత్త కాళ్ళతో పోయేదాన్ని.

ఒకరోజు సార్ ఒక పని ఒప్పుకుని వచ్చారు. పక్షవాతం వచ్చినవాళ్ళకు, మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళకు కాళ్ళ వ్యాయామం చేయించే ఒక డాక్టరు ఇచ్చిన పని అది. ఆయన దవాఖానలో ఉన్నచోటే తొక్కే సైకిల్ ఉంది. పేషెంట్లు నాలుగు తొక్కులు తొక్కి, ఎదురుగా గోడ తప్ప ఏమీ కనబడక, విసుగొచ్చి దిగిపోతున్నారట. సైకిల్ ముందు కంప్యూటర్ పెట్టి, తొక్కినకొద్దీ తెర మీద రోడ్డు కదిలేలా చేయగలరా అని అడిగాడట. ఎలా చేయాలో తెలియకుండానే సార్ సరేనన్నారు. తర్వాత నన్ను పక్కకు పిలిచారు.

"చూడమ్మా, నీ ట్రైనింగ్ ఈ నెలతో అయిపోతుంది. ఇది పనిచేసి డాక్టరు గారికి నచ్చితే నీకు ఉద్యోగం ఇస్తాను. నచ్చకపోతే నిన్ను ఉంచుకునే స్తోమత నాకు లేదు. ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను తిట్టుకోవద్దు."

అప్పటికే మా గల్లీ చివర ఎస్టీడీ బూత్ ఆయన నాన్నను రెండుసార్లు అడిగి ఉన్నాడు. డిగ్రీ చదివిన పిల్ల ఫోన్ల దగ్గర కూర్చుంటే బూత్‌కు మర్యాద అని. నాన్న నాతో గట్టిగా ఏమీ అనలేదు.

"నెలాఖరు దాంక జూస్త బిడ్డా. పక్కా కొలువైతే మంచిదే. కాకుంటే గా బూతుల కూసో. ఇంటికాడనే ఉంటది, ఇంత దూరం నడిచే తిప్పలుండది" అన్నాడు. ఆ మాట కోపంతో అన్నది కాదు. అలిసిపోయిన మనిషి ఇంకో అలిసిపోయిన మనిషి మీద జాలిపడి అన్నాడు. అందుకే నాకు ఎక్కువ భయమేసింది.

సైకిల్ వచ్చింది. దానికి ముందు వైపు ఒకటే చక్రం, అదీ నేలకు తగలదు. హ్యాండిల్ మధ్యలో చిన్న మీటరు, తొక్కుతుంటే అందులో అంకెలు మారేవి. ఆ అంకెలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో కనుక్కోవడం నా మొదటి పని. ప్లాస్టిక్ మూత విప్పి చూస్తే, చక్రానికి ఒకచోట చిన్న అయస్కాంతం అతికించి ఉంది. దానికి ఎదురుగా, కదలని కడ్డీ మీద బియ్యపు గింజ కంటే కాస్త పొడుగ్గా ఒక గాజు గొట్టం. లోపల ఒకదానికొకటి తగలకుండా రెండు సన్నటి ఇనుప రేకులు. అయస్కాంతం దగ్గరికి రాగానే అవి అతుక్కుంటాయి, దూరం పోగానే విడిపోతాయి. దాన్ని రీడ్ స్విచ్ అంటారు. డిగ్రీ పుస్తకంలో బొమ్మ చూసి పరీక్షలో గీసి వచ్చాను గానీ, నిజంగా చూడటం అదే మొదలు.

మీటరుకు పోయే రెండు వైర్లు విప్పి మల్టీమీటర్‌కు తగిలించి, చక్రం చేత్తో తిప్పాను. కీచుమంది. ఇంకో చుట్టు, ఇంకోసారి కీచుమంది. చుట్టుకు ఒక్కటే కూత, తప్పకుండా. నేల మీద కూర్చుని చాలాసేపు అలా తిప్పుతూనే ఉన్నాను. ప్రోగ్రామర్ వచ్చి చూసి, "పిట్టను పట్టారా ఇంజనీర్ గారూ" అన్నాడు.

ఆ సంగతి కంప్యూటర్‌కు ఎలా చెప్పాలన్నది మిగిలింది. కొత్త కార్డులు కొనే శక్తి సార్‌కు లేదు. ఒక మధ్యాహ్నం ప్రోగ్రామర్ ఏదో ఆలోచిస్తూ ఊరికే మౌస్ నొక్కుతున్నాడు. టిక్, టిక్, టిక్. ఆ చప్పుడు వింటుంటే అనిపించింది, మౌస్ మీట కింద జరిగేదీ ఇంతే కదా. రెండు రేకులు తగులుతాయి, విడిపోతాయి. మూలన పడేసిన పాత మౌస్ ఒకటి విప్పి, ఎడమ మీట కింద ఉన్న రెండు కాళ్ళకు సైకిల్ వైర్లు సోల్డర్ చేశాను. ఇప్పుడు చక్రం ఒక చుట్టు తిరిగితే కంప్యూటర్‌కు ఎవరో మౌస్ ఒకసారి నొక్కినట్టే.

"మౌస్ కడుపు కోసేశారా?"

"కోసి కుట్లు గూడ ఏసిన. మీరు లెక్కపెట్టుండ్రి ఇగ."

అతను తెర మీద ఒక రోడ్డు గీశాడు. ఒక్కో నొక్కుకు చిన్న సైకిల్ బొమ్మ కొంచెం ముందుకు జరుగుతుంది, పైన అంకె పెరుగుతుంది. గుంటూరులో మొదలై, మధ్యలో చెట్లు, కాలువలు, చివరికి బాపట్ల సముద్రం.

"మా బోరబండ రోడ్డు పెట్టచ్చు గద" అన్నాను.

"బోరబండలో రోడ్డెక్కడుందండీ, గుంతలే కదా. గుంతలు గీయడం నాకు రాదు."

నేను ఎక్కి తొక్కాను. బొమ్మ కదిలింది. కాలువ దాటింది. నా కాలికీ ఆ తెరకూ మధ్య నేను కలిపిన వైరు తప్ప ఇంకేమీ లేదన్న సంగతి నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆ సాయంత్రం ఇంటికి పరుగెత్తినట్టే నడిచాను. అమ్మకు చెబితే, "అయితే నువ్వు తొక్కితే అండ్ల బొమ్మ పోతది, నువ్వు పోవు" అంది. అవునన్నాను. "అయితే గా బొమ్మకే తొక్కనీకి చెప్పరాదు" అని కళ్ళు మూసుకుంది.

అసలు తిప్పలు మర్నాడు మొదలయ్యాయి. ప్రోగ్రామర్ ఎక్కాడు. హ్యాండిల్ పట్టుకోగానే తెర బిగుసుకుపోయింది. అంకె కదలదు, బొమ్మ కదలదు, ఏది నొక్కినా పలకదు. కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టాం. సార్ ఎక్కారు, అదే వరస. మళ్ళీ పెట్టాం. నేను ఎక్కాను. ఏమీ జరగనట్టు బొమ్మ గుంటూరు నుంచి బయల్దేరింది.

"షాక్ కొడుతోందండీ. మీ వైరింగే తేడా" అన్నాడు ప్రోగ్రామర్.

టెస్టర్ పెట్టి సైకిలంతా చూశాను. ఎక్కడా వెలగలేదు. "కరెంట్ లేదు. మీ ప్రోగ్రామే తేడా" అన్నాను.

"ప్రోగ్రాం తేడా అయితే మీకూ ఆగాలి కదా."

"ఏసీ గదుల్లో అలా చురుక్కుమంటూనే ఉంటుందిలే, తలుపు పట్టుకున్నా అంతే" అని సార్ సర్దిచెప్పారు. తర్వాత సైకిల్‌ను తూర్పు ముఖానికి తిప్పించారు. హ్యాండిల్‌కు ఒక నిమ్మకాయ కూడా కట్టించారు. ఏం చేసినా వాళ్ళిద్దరూ ఎక్కితే బిగుసుకుపోయేది, నేనెక్కితే నడిచేది.

"మీకు భయపడుతోందండీ అది" అన్నాడు ప్రోగ్రామర్. నాకు లోలోపల కాస్త గర్వంగానే ఉండేది. కానీ ఆ గర్వానికి జరిమానా నా కాళ్ళే కట్టాయి. వైరు మార్చిన ప్రతిసారీ, అతను ఒక్క లైను దిద్దిన ప్రతిసారీ పరీక్షించడానికి ఎక్కాల్సింది నేనే. పొద్దున రాళ్ళ దారిలో నడిచి వచ్చి, చున్నీ నడుముకు కట్టుకుని ఎక్కితే, మధ్యాహ్నానికి బాపట్ల ఎన్నోసార్లు పోయి వచ్చేదాన్ని. సాయంత్రం మళ్ళీ నడక. సముద్రం నేనెన్నడూ చూడలేదు. ఆ తెర మీది నీలం గీత చూస్తే మాత్రం పిక్కలు పట్టేసేవి.

పైగా ఆ ఏసీ. ఉత్త కాళ్ళు మంచుగడ్డల్లా అయిపోయేవి. డాక్టరు రావడానికి ముందు ఆదివారం బోరబండ అంగడిలో సాక్సులు కొనుక్కున్నాను. ఆడవాళ్ళు చెప్పులతో వేసుకునే రకం, బొటనవేలు విడిగా ఉండి, ఒంటి రంగులో, నైలాన్‌వి. మా ఇంట్లో సాక్సులు వేసుకున్న మొదటి మనిషిని కూడా నేనే. సోమవారం వాటితో కంప్యూటర్ గదిలోకి అడుగుపెడితే ప్రోగ్రామర్ లేచి నిలబడ్డాడు.

"ఇంజనీర్ గారికి ప్రమోషన్ వచ్చినట్టుంది."

నవ్వుతూ సైకిల్ దగ్గరికి పోయి హ్యాండిల్ ఇనుము పట్టుకున్నాను. వేలికి చురుక్కుమంది. తెర బిగుసుకుపోయింది.

కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టాం. నేను గది చివరి దాకా పోయి వచ్చి మళ్ళీ పట్టుకున్నాను. మళ్ళీ చురుక్. మళ్ళీ బిగుసుకుపోయింది. సార్ కుర్చీలో కూర్చుని రెండు చేతులతో ముఖం రుద్దుకున్నారు.

"అయిపోయిందమ్మా. రేపు పొద్దున్నే డాక్టరు గారు వస్తున్నారు" అన్నారు.

నేను నేల మీద కూర్చుండిపోయాను. ఎస్టీడీ బూత్ అద్దాల గది కళ్ళ ముందు కనబడింది. మొన్న శనివారం దాకా నడిచింది కదా, ఇవాళ ఏం మారింది అనుకుంటూ తల వంచితే, మారింది కళ్ళెదురుగానే ఉంది. నా పాదాలు.

సాక్సులు విప్పాను. పోయి హ్యాండిల్ పట్టుకున్నాను. చురుక్కుమనలేదు. తొక్కితే బొమ్మ నడిచింది. దిగి, సాక్సులు తొడుక్కుని, కార్పెట్ మీద నాలుగడుగులు వేసి వచ్చి పట్టుకుంటే మళ్ళీ ఆగింది. బడిలో దువ్వెన తలకు రాసి కాగితం ముక్కల్ని లేపే ఆట గుర్తొచ్చింది. చలికాలం అమ్మ దుప్పటి దులిపితే చీకట్లో చిటపటమనే మెరుపులు గుర్తొచ్చాయి. ఈ కార్పెట్ మీద నైలాన్ సాక్సులతో నడిస్తే అదే కరెంటు ఒంట్లో పోగవుతోంది. సైకిల్ ఇనుము తాకగానే అది నేను కలిపిన వైరు వెంటే పోయి కంప్యూటర్‌ను కొడుతోంది.

"జర మీ సాక్సులు ఇడువుండ్రి" అన్నాను ప్రోగ్రామర్‌తో.

"నా సాక్సులకూ నా ప్రోగ్రాంకూ ఏం సంబంధమండీ?"

"ఇడిస్తెనే తెలుస్తది."

అతను అటు తిరిగి విప్పుకున్నాడు. ఎందుకు అటు తిరిగాడో ఎడమ సాక్సులోంచి తొంగి చూసిన వేలు చెప్పేసింది. ఉత్త కాళ్ళతో ఎక్కాడు. బొమ్మ బయల్దేరింది. తర్వాత సార్ విప్పారు, ఎక్కారు, ఆయనకూ నడిచింది. ఆయన పొట్ట ఊగుతుండగా మొదటి కాలువ దాకా తొక్కి, ఆయాసపడుతూ, "అమ్మా, నువ్వు బంగారం" అన్నారు. డిగ్రీ పాసైన రోజు కూడా నాకు అంత సంతోషం కలగలేదు. నా పిక్కల నొప్పికంతటికీ కారణం ఆ ఇద్దరి సాక్సులని తెలిసి కూడా.

సంతోషం నుంచి తేరుకున్నాక చిక్కు కనబడింది. సైకిల్‌కు ఎర్త్ వైరు కట్టి ఆ కరెంటును నేలలోకి దింపితే సరిపోతుంది. సాకెట్ విప్పి చూస్తే మూడో రంధ్రం వెనక వైరే లేదు. ఇంటాయన వేయించలేదు. బయట కడ్డీ పాతుదామంటే కిందంతా బండ. ప్రోగ్రామర్ బూట్లతో వచ్చి చూశాడు, ఆ రబ్బరు అట్టలకు కూడా ఆగింది. ఇక మిగిలింది ఉత్త కాళ్ళే.

"డాక్టరు గారిని సాక్సులు విప్పమని నేనెలా అడగనమ్మా? 'నీ మిషన్ నా సాక్సులకే భయపడితే నా పేషెంట్లకేం పనికొస్తుందయ్యా' అంటారు."

"ఆయన దవాఖానల కార్పెట్ లేదంటిరి గద సార్. బండల మీద ఏం గాదు."

"అది నిజమే. కానీ అక్కడి దాకా పోవాలంటే ముందు ఇక్కడ నడవాలి కదా."

ఆ సాయంత్రం ఇంటికి పోయి గడపలో కూర్చున్నాను. నాన్న పని నుంచి వచ్చాడు. మోకాళ్ళ దాకా తెల్లటి రాతి దుమ్ము. అమ్మ రోజూ లాగే చెంబుతో నీళ్ళు తెచ్చి మెట్టు మీద పెట్టి లోపలికి పోయింది. నాన్న చెప్పులు విడిచాడు, చెంబు ఎత్తాడు, కాళ్ళ మీద పోసుకున్నాడు, తడి కాళ్ళతో లోపలికి వచ్చాడు. కాళ్ళు కడుక్కోమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెంబు కనబడింది, కడుక్కున్నాడు.

మర్నాడు పొద్దున నేను చెంబు తోమి సంచిలో పెట్టుకుంటుంటే అమ్మ చూసింది.

"ఆఫీసుకు చెంబెందుకే?"

"డాక్టర్ వస్తుండు."

"డాక్టర్ వస్తే చెంబెందుకు? ఎవలికేమైంది? బిడ్డా, నిజం జెప్పు, నువ్వేం పని జేస్తున్నవు గాడ?"

"వచ్చి చెప్త" అని బయటపడ్డాను. గల్లీ మలుపు తిరిగే దాకా అమ్మ పరేషాన్‌గా గడపలోనే నిలబడి ఉంది.

సార్‌కు సంగతి చెబితే మొదట ఒప్పుకోలేదు. "నువ్వు నీళ్ళందిస్తే నిన్ను పనిమనిషి అనుకుంటారమ్మా. బాగుండదు."

"అనుకోనీయుండ్రి సార్. సాక్సులైతే ఇడుస్తడు గద."

డాక్టరు వచ్చాడు. నెరిసిన జుట్టు, ఇస్త్రీ ప్యాంటు, నల్ల బూట్లు. బోర్డు చదివి, స్టాండు దగ్గర వంగి బూట్లు విప్పాడు. బూడిదరంగు సాక్సులు. లోపలికి ఒక అడుగు వేయబోయి, చెంబు పట్టుకుని నిలబడ్డ నన్ను చూసి ఆగాడు.

"ఏందమ్మా ఇది?"

"కాళ్ళకు నీళ్ళు సార్."

ఆయన చెంబు వైపు, నా వైపు, సార్ వైపు చూశాడు. సార్ గోడ గడియారం వైపు చూస్తున్నారు. డాక్టరు మెల్లగా స్టాండు అంచు మీద కూర్చుని, సాక్సులు విప్పి బూట్లలో కుక్కి, ప్యాంటు మడిచాడు.

"మా మేనత్త ఇంట్ల ఇచ్చేటోళ్ళు. కడుక్కోకుంట పోతే తిట్టేది. ఇప్పుడు ఎవలింటికి పోయినా సోఫాల కూసోమంటరు" అన్నాడు. వరండా చివరికి పోయి, నేను పోస్తుంటే కడుక్కున్నాడు. చేతులు తుడుచుకోవడానికి తువ్వాలు ఇచ్చాను. "మీ కంపెనీ పద్ధతి మంచిగుందండీ" అన్నాడు సార్‌తో.

"అలవాటండి" అన్నారు సార్. ప్రోగ్రామర్ గోడ వైపు తిరిగి దగ్గాడు.

కార్పెట్ మీద ఆయన తడి అడుగులు సైకిల్ దాకా పడ్డాయి. ఆయన చెయ్యి హ్యాండిల్ ఇనుము మీద పడుతుంటే నేను తెర వైపే చూశాను. పైన అంకె ఒకటి అయింది. రెండయింది. బొమ్మ గుంటూరు దాటింది. మొదటి కాలువ దగ్గర ఆయన ఆగుతాడేమో అనుకున్నాం. ఆగలేదు. "ఇంకెంత దూరం?" అని అడుగుతూ, చెమట తుడుచుకుంటూ, సముద్రం వచ్చే దాకా తొక్కి దిగాడు.

"నేనే దిగలేదంటే మా పేషెంట్లు దిగరు" అన్నాడు. "ఈ కనెక్షన్ ఎవరిది?"

"ఈ అమ్మాయిదేనండి" అన్నారు సార్.

"నీళ్ళిచ్చిన పిల్లనా?" ఆయన నన్ను మళ్ళీ కొత్తగా చూశాడు. నేను మూత తీసి అయస్కాంతం, గాజు గొట్టం, కోసి కుట్టిన మౌస్ అన్నీ చూపించాను. మాటలు ఆగలేదు నాకు. ఇంట్లో ఎవరూ వినని కబుర్లన్నీ ఒకేసారి బయటికొచ్చాయి. ఆ ఊపులోనే, "సార్, దీన్ని మాత్రం కార్పెట్ ఉన్న గదుల పెట్టద్దు. సాక్సులతోని ఎక్కితే ఆగిపోతది" అని కూడా చెప్పేశాను.

సార్ ముఖం పాలిపోయింది. డాక్టరు కింద తన ఉత్త కాళ్ళ వైపు చూసుకున్నాడు. తలుపు బయట ఉన్న చెంబు వైపు చూశాడు.

"అందుకా నీళ్ళు?"

నేను తలూపాను. నా ఉద్యోగం అక్కడే, ఆ తడి అడుగుల మీదే పోయిందనుకున్నాను. ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. చప్పుడు లేని నవ్వు, భుజాలు ఊగుతున్నాయి.

"మా దగ్గర అన్ని బండలే అమ్మా. పేషెంట్లు కూడ ఉత్త కాళ్ళోళ్ళే. ఫికర్ లేదు" అని సార్ వైపు తిరిగాడు. "ఇంకో నాలుగు సైకిళ్ళు పంపిస్త. వాటికి గూడ ఇట్లనే పెట్టించుండ్రి. ఆ ఎర్త్ వైరు సంగతి గూడ చూడుండ్రి."

ఆయన కారు కదిలాక సార్ లోపలికి వచ్చారు. తర్వాత, "అంతా బయటపెట్టేశావు కదమ్మా" అన్నారు. ఇంకాసేపటికి, "ఒకటో తారీఖు నుంచి ఉద్యోగంలోకే రా. ట్రైనింగ్ అయిపోయింది" అన్నారు.

ఆ సాయంత్రం బోరబండ దాకా ఎలా నడిచానో గుర్తులేదు. కాళ్ళు మాత్రం నొప్పిగానే ఉన్నాయి. ఇంట్లో అప్పుడే దీపం పెట్టారు. నాన్న ఎప్పటిలాగే అటు తిరిగి పడుకుని ఉన్నాడు. అమ్మ ముందు సంచిలోంచి చెంబు తీసి సొట్టలు పడ్డాయేమో చూసింది. తర్వాత నా కాళ్ళు ఒళ్ళోకి లాక్కుంది.

"అమ్మా, కొలువు పక్కా అయింది."

"నిజంగనా?" నూనె సీసా మూత తీస్తూ ఆగింది. "అయితే ఇగ కాళ్ళు గుంజయి గద."

"గుంజుతయి. ఇంకో నాలుగు సైకిళ్ళు వస్తున్నయి."

అమ్మ సీసా దీపం వెలుగులోకి ఎత్తి ఎంత మిగిలిందో చూసి, కొంచెం అరచేతిలో ఒంపుకుంది. నేను మొదలుపెట్టాను. సాక్సుల సంగతి, బిగుసుకుపోయిన తెర, ఎర్త్ వైరు లేని సాకెట్, చెంబు. అమ్మ ఊ కొట్టింది. ఊ కొట్టింది. డాక్టరు మెట్లెక్కి వచ్చే చోటికి వచ్చేసరికి ఊ ఆగిపోయింది. నా పిక్క మీద చెయ్యి అలాగే ఉంచి, గోడకు తల ఆనించి నిద్రపోయింది.

లేపబుద్ధి కాలేదు. నా కళ్ళు కూడా మూతలు పడుతున్నాయి. రేపు చెప్పొచ్చులే అనుకుని నేనూ తల వాల్చాను.

మంచం కిర్రుమంది. నాన్న ఇటు తిరిగాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"ఇడిసిండా మరి ఆయన సాక్సులు?" అన్నాడు.